చెక్ అనే మాట వెనక కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో మెసేజ్‌లు చెక్ చేస్తాం. బ్యాంకులో చెక్కు వేస్తాం. చెక్స్ చొక్కా తొడుక్కుంటాం. ఒంట్లో బాగోకపోతే చెకప్‌కి వెళ్తాం, ఊరెళ్తే హోటల్లో చెక్ ఇన్ అవుతాం. ఇంగ్లీషు రానివాళ్లు కూడా రోజూ వాడే మాట ఇది. నాకు దీని మీద ఆసక్తి పుట్టింది మాత్రం చదరంగం బల్ల దగ్గర. తొమ్మిదేళ్ల మేనకోడలికి ఆట నేర్పుతున్నాను. ఆ పిల్ల ఒక ఎత్తు వేసి, గట్టిగా "చెక్!" అని, వెంటనే తలెత్తి, "మామయ్యా, చెక్ అంటున్నాం కదా, ఇప్పుడు ఏం చెక్ చేయాలి?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతుక్కుంటూ పోతే దొరికినవే ఇక్కడ రాస్తున్నాను.

బ్యాంకు చెక్కు, చెక్స్ చొక్కా, చెక్ చేయడం: ఇవన్నీ ఒకే మాటేనా?

ఒకే మాటే. నిఘంటువులో వేర్వేరు అర్థాల కింద కనిపిస్తాయి గానీ, అన్నిటి వేరూ ఒక్కటే. ఆ వేరు చదరంగం ఆట. ఇంకా లోపలికి వెళితే, ఆ ఆటలో మధ్యన నిలబడే రాజు.

అసలు మూలం ఏ భాషది?

పారశీకం. ఆ భాషలో "షా" అంటే రాజు. షహెన్‌షా, పాదుషా అన్న మాటల్లో ఉన్న షా ఇదే. మనం చెక్ అన్న ప్రతిసారీ, తెలియకుండానే "రాజు" అంటున్నామన్నమాట.

ఆట మాత్రం భారతదేశంలో పుట్టింది. రథ, గజ, తురగ, పదాతి అనే నాలుగు అంగాల సైన్యాన్ని బల్ల మీద నిలబెట్టారు కాబట్టి చతురంగం అన్నారు. క్రీ.శ. 6వ శతాబ్దం ప్రాంతంలో అది పారశీకానికి చేరి "చత్రంగ్" అయింది. 7వ శతాబ్దంలో అరబ్బులు పారశీకాన్ని గెలుచుకున్నాక వాళ్ల నోట "షత్రంజ్" అయింది. రాజు మీదికి దాడి వచ్చినప్పుడు ఎదుటివాణ్ణి హెచ్చరించడానికి ఆటగాళ్లు "షా!" అనేవారు. "నీ రాజు జాగ్రత్త" అని దాని భావం. అరబ్బుల ద్వారా ఆట యూరప్‌కు వెళ్లినప్పుడు, దాంతో పాటే ఈ కేక కూడా వెళ్లింది.

"షా" ఎక్కడ, "చెక్" ఎక్కడ? ఇంత మార్పు ఎలా వచ్చింది?

ఒక్క దూకులో రాలేదు. మధ్యలో రెండు మజిలీలున్నాయి. వాటిని చూస్తే ఆశ్చర్యం పోతుంది.

మొదటిది లాటిన్. మధ్యయుగపు లాటిన్ రాసేవాళ్లకు "ష" ధ్వనిని రాయడానికి తగిన అక్షరం లేదు. షా చివర వినిపించే "హ" కూడా వాళ్లకు కొరుకుడు పడలేదు. అందుకని ముందు "స్క", చివర "క" పెట్టి "స్కాకస్" అని రాసుకున్నారు.

రెండోది పాత ఫ్రెంచి. వాళ్లకు మాట మొదట్లో "స్క" పలకడం కష్టం. స్కూలును మన పెద్దవాళ్లు "ఇస్కూలు" అన్నారు కదా, సరిగ్గా అదే జరిగింది. ముందు ఒక అచ్చు తగిలించి "ఎస్చెక్" అన్నారు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను తీసుకుని ముందున్న "ఎస్" రాలగొట్టేశారు. "చెక్" మిగిలింది. సుమారు 14వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో కనిపిస్తుంది.

ఫ్రెంచి మాట అక్కడే ఉండిపోయి ఇంకో దారి పట్టింది. ఈరోజు ఫ్రెంచిలో "ఎషెక్" అంటే ఓటమి, వైఫల్యం. ఒకే మాట ఒక దేశంలో పరీక్ష అయింది, పక్క దేశంలో ఫెయిలవడం అయింది!

మరి చెస్ అన్న మాట?

అది చెక్‌కు బహువచనం. పాత ఫ్రెంచిలో ఎస్చెక్‌కు బహువచనం "ఎస్చెస్". ముందు భాగం రాలిపోతే చెస్. అంటే ఆట పేరుకు అసలు అర్థం "రాజులు" అని.

చెక్‌మేట్ అంటే "రాజు చచ్చాడు" అని చెబుతారు. నిజమేనా?

చాలామంది చెప్పేది అదే. "షా మాత్" లోని మాత్‌ను అరబ్బీ క్రియగా తీసుకుంటే "చనిపోయాడు" అని వస్తుంది. కానీ పారశీకంలోనూ "మాత్" అనే మాట ఉంది. దానికి అర్థం దిక్కుతోచని, నిశ్చేష్టుడైన అని. నేను ఈ రెండోదాని వైపే మొగ్గుతాను. కారణం ఆటలోనే ఉంది. చదరంగంలో భటుణ్ణి చంపొచ్చు, గుర్రాన్ని చంపొచ్చు, మంత్రిని కూడా చంపొచ్చు. రాజును మాత్రం ఎవరూ చంపరు. ఎటూ కదలలేని స్థితికి తెచ్చి అక్కడ ఆట ఆపేస్తారు. తెలుగులో మనం "ఆటకట్టు" అంటాం. చావు ఊసే లేదు. కదలకుండా కట్టేయడమే. పారశీకపు మాత్‌కు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

చెక్‌మేట్‌లోని మేట్, రూమ్‌మేట్‌లోని మేట్ ఒకటేనా?

కాదు. రూమ్‌మేట్‌లోది జర్మన్ భాషల కుటుంబం నుంచి వచ్చిన మాట. ఒకే చోట కూర్చుని తినేవాడు అని దాని మొదటి అర్థం. తిండికి సంబంధించిన "మీట్" అనే ఇంగ్లీషు మాటకు అది చుట్టం.

ఆటలో కేక కాస్తా "ఆపడం" అనే అర్థంలోకి ఎలా వచ్చింది?

రాజుకు చెక్ పడితే ఏమవుతుంది? మీరు మనసులో అనుకున్న ఎత్తు ఏదైనా సరే పక్కన పెట్టాల్సిందే. ముందు రాజును కాపాడుకోవాలి. దూసుకెళ్తున్నవాడు టక్కున ఆగిపోతాడు. ఈ ఆగిపోవడమే ఆట దాటి బయటికొచ్చింది. 14వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషులో చెక్ అంటే అడ్డుకోవడం, నిలువరించడం, పగ్గం వేయడం అనే అర్థాలు వచ్చేశాయి.

ఈ అర్థం మనకు బాగా తెలిసిన చోటే ఉంది, గమనించం అంతే. చెక్ డ్యామ్ అంటాం కదా. అది నీటిని పరీక్షించే డ్యామ్ కాదు. వాగు దూకుడును అడ్డుకుని, నీరు నేలలోకి ఇంకేలా నిలిపే చిన్న కట్ట. పైపుల్లో వాడే చెక్ వాల్వ్ కూడా అంతే, నీరు వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది. ఐస్ హాకీలో పక్ అనే రబ్బరు బిళ్ల కోసం ఎదుటి ఆటగాణ్ణి ఒంటితో అడ్డుకోవడాన్నీ చెక్ అనే అంటారు. అమెరికా రాజ్యాంగం గురించి రాసేవాళ్లు "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" అంటారు. 1787, 1788 సంవత్సరాల్లో ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన వ్యాసాల్లో ఈ ఆలోచన గట్టిగా వినిపిస్తుంది. అధికారంలో ఒక భాగం ఇంకో భాగానికి పగ్గంగా ఉండాలన్నది దాని సారం.

అనువాదాలు చేసేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. ఒకసారి ఒక ఆరోగ్య కరపత్రంలో "జ్వరం వ్యాప్తిని తనిఖీ చేయండి" అని చదివాను. ఇంగ్లీషులో చెక్ అని ఉంటే, రాసినవారికి తనిఖీ ఒక్కటే తట్టింది. అక్కడ ఉండాల్సింది "అరికట్టండి". ఒక్క మాట తేడా, చదివినవాళ్లు చేసే పని మారిపోతుంది. కోపాన్ని చెక్ చేసుకోమంటే కోపం ఉందో లేదో చూసుకోమని కాదు, అదుపులో పెట్టుకోమని.

సరే, "ఆపడం" నుంచి "సరిచూడటం" ఎలా వచ్చింది?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు. మేనకోడలి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

తప్పునూ, మోసాన్నీ ఆపాలంటే ఏం చేయాలి? ఒక లెక్కను ఇంకో లెక్కతో పోల్చి చూడాలి. పోల్చి చూసేవాడు ఉన్నాడని తెలిస్తే దొంగలెక్క రాసే చెయ్యి ఆగుతుంది. అలా, అదుపు కోసం చేసే పోలికకు కూడా చెక్ అనే పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో ఈ అర్థం స్థిరపడింది. తర్వాత అదుపు సంగతి మరుగున పడిపోయి, పోల్చి చూడటం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మనం తలుపు వేశామో లేదో చెక్ చేసుకుంటున్నామంటే, ఆ దారి చివర నిలబడి ఉన్నామన్నమాట.

సరిగ్గా ఇదే దారిలో ఎదురు దిక్కుగా నడిచిన మాట ఇంకొకటుంది. అది కంట్రోల్. పాత ఫ్రెంచిలో దానికి మూలమైన మాటకు అర్థం నకలు చిట్టా. అసలు లెక్కల చుట్టను సరిచూడటానికి పక్కన పెట్టుకునే రెండో చుట్ట. అది సరిచూడటంలో మొదలై అదుపు దగ్గర తేలింది. చెక్ అదుపులో మొదలై సరిచూడటం దగ్గర తేలింది. రెండూ ఎదురెదురుగా వచ్చి దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి.

ఇంతకీ ఆ పిల్లకు నేను తర్వాత చెప్పింది ఇదే: "ఏమీ చెక్ చేయక్కర్లేదమ్మా. నువ్వన్నది 'రాజుగారూ, ఆగండి' అని."

బ్రిటన్ ఆర్థిక మంత్రి పదవి పేరులో "ఎక్స్‌చెకర్" అని ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఇక్కడ ఒక బల్లను దగ్గరగా చూడాలి.

12వ శతాబ్దంలో, మొదటి హెన్రీ రాజు కాలం నుంచి, ఇంగ్లండ్ ఖజానా లెక్కలు ఒక పెద్ద బల్ల మీద చూసేవారు. ఆ ఖజానాలోనే పెద్ద అధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఆ బల్ల ఎలా ఉండేదో రాసిపెట్టాడు. సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. మీద పెట్టినవి జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు. దాని మీద నల్లటి గుడ్డ పరిచేవారు. ఆ గుడ్డ మీద జానెడో అడుగో ఎడంతో గీతలు.

ఆ గీతల మధ్య వరసలే లెక్కల స్థానాలు. ఒక వరసలో పెన్నీలు, పక్కన షిల్లింగులు, ఆ పక్కన పౌండ్లు, తర్వాత ఇరవైలు, వందలు, వేలు. జిల్లా అధికారి వచ్చి ఒక వైపు కూర్చునేవాడు. అతను కట్టాల్సిన మొత్తానికి బిళ్లలు పేర్చేవారు, కట్టినదానికి ఇంకో వరసలో పేర్చేవారు. రోమన్ అంకెలతో కూడికలూ తీసివేతలూ కాగితం మీద చేయడం మహా కష్టం. బిళ్లలు జరిపితే చదువురానివాడికి కూడా తన బాకీ ఎంతో కళ్లముందే కనిపిస్తుంది. అటొకడు, ఇటొకడు, మధ్యలో గళ్ల గుడ్డ, దాని మీద కదిలే బిళ్లలు. చూసినవాళ్లకు చదరంగం గుర్తురాకుండా ఉంటుందా? లాటిన్‌లో చదరంగం బల్లకు ఉన్న "స్కకారియం" అనే పేరునే దానికి పెట్టారు. ఫ్రెంచిలో అది "ఎస్చెకర్". తర్వాతి పండితులు ముందున్న "ఎస్"ను లాటిన్ "ఎక్స్" అని పొరబడి ఎక్స్‌చెకర్‌గా రాశారు. ఆ పొరపాటు అలాగే నిలిచిపోయింది.

ఆ ఖజానాలోనే రసీదులుగా కర్రముక్కలు వాడేవారు. కర్ర మీద మొత్తానికి తగ్గట్టు గాట్లు పెట్టి, నిలువునా రెండుగా చీల్చి, చెరొకరూ ఒక ముక్క దాచుకునేవారు. మళ్లీ కలిపితే గాట్లు సరిపోవాలి. ఈ పద్ధతి పోయాక మిగిలిన పాత కర్రలను 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనం కొలిమిలో వేసి కాలిస్తే, మంటలు అంటుకుని భవనంలో చాలా భాగం తగలబడిపోయింది.

చెక్స్ చొక్కాకు ఆ పేరు?

చదరంగం బల్ల లాంటి గళ్లున్న గుడ్డ కాబట్టి. సుమారు 1400 నుంచే ఈ అర్థం ఉంది. కారు రేసు ముగింపులో ఊపే నలుపు తెలుపు జెండాను చెకర్డ్ ఫ్లాగ్ అనేదీ, అమెరికాలో డ్రాఫ్ట్స్ ఆటను చెకర్స్ అనేదీ ఇందుకే. తెలుగు కూడా ఇదే పని చేసింది. చదరంగం బల్ల మీదా గడే, గుడ్డ మీదా గడే. గడికి బహువచనమే గళ్లు, అదే గళ్ల చొక్కా.

బ్యాంకు చెక్కు కథేమిటి?

చెక్కు అనే కాగితం ముందు పుట్టింది, పేరు తర్వాత వచ్చింది. ఇంగ్లండ్‌లో 1659 నాటి చెక్కు ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది, 400 పౌండ్లకు. అప్పటికి దాన్ని చెక్కు అనేవారు కాదు.

18వ శతాబ్దం మొదట్లో చెక్ అంటే మనం బ్యాంకుకు ఇచ్చే కాగితం కాదు, మన దగ్గర మిగిలే కౌంటర్‌ఫాయిల్. ఎందుకంటే మోసానికి అడ్డు అదే. కాగితం మీద ఎవరైనా అంకె దిద్దితే, పక్క ముక్కతో పోలిస్తే దొరికిపోతారు. చీల్చిన కర్రముక్కల్లో ఉన్న కిటుకే ఇది, కర్ర పోయి కాగితం వచ్చింది. ఆ శతాబ్దం చివరికి పేరు మెల్లగా కౌంటర్‌ఫాయిల్ మీంచి అసలు కాగితం మీదికి జరిగింది. ఈసారి చెక్కు పుస్తకం తెరిచినప్పుడు, చింపాక మిగిలే ఆ సన్నటి ముక్కను ఒకసారి చూడండి. చెక్కు అనే పేరు ముందు దానిదే.

చెక్కు అరబ్బీ "సక్" నుంచి వచ్చిందని చదివాను. తప్పా?

అరబ్బీలో సక్ అంటే రాతపూర్వక పత్రం, దస్తావేజు. మధ్యయుగపు అరబ్బు వర్తకులు సొమ్ము చెల్లింపులకు అలాంటి పత్రాలు వాడిన మాట నిజం. ధ్వని కూడా దగ్గరగానే ఉంది, అందుకే ఈ కథ ఇంతగా వ్యాపించింది. అయితే ఇంగ్లీషులో మొదట చెక్ అన్నది కౌంటర్‌ఫాయిల్‌ను అని ఇందాక చూశాం. సక్ నుంచే నేరుగా వచ్చి ఉంటే, మొదటి రోజు నుంచీ చెల్లింపు పత్రాన్నే ఆ పేరుతో పిలిచేవారు. అందుకని చదరంగం దారే నిజమని నా నమ్మకం. ప్రామాణిక ఇంగ్లీషు నిఘంటువులూ ఆ దారినే చూపిస్తాయి.

స్పెల్లింగ్ రెండు రకాలుగా ఎందుకుంది?

బ్రిటన్‌లో బ్యాంకు చెక్కుకు "క్యు యు ఇ"తో రాస్తారు, అమెరికాలో "సి కె"తోనే రాస్తారు. బ్రిటిష్ పద్ధతి మీద ఎక్స్‌చెకర్ ప్రభావం ఉంది. మిగతా అర్థాల నుంచి వేరుగా కనబడుతుంది కాబట్టి అది నిలబడింది. రెండూ సరైనవే. ఒకే ఉత్తరంలో రెండూ కలపకుంటే చాలు.

అమెరికాలో హోటల్ బిల్లును కూడా చెక్ అంటారు. ఎందుకు?

సరిచూసుకోవడానికి ఇచ్చే చీటీ, టోకెన్ అన్న అర్థం నుంచి. కోటు దాచుకోమని ఇస్తే చేతికిచ్చే బిళ్ల కూడా చెక్కే. "రెయిన్ చెక్" అన్నదీ ఇలాంటిదే. 1880ల్లో అమెరికాలో వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే, మరో రోజు వచ్చి చూడటానికి పనికొచ్చే టికెట్ ముక్క అది. ఇప్పుడు "ఈరోజు కుదరదు, ఇంకోసారి" అని మర్యాదగా చెప్పడానికి వాడుతున్నారు. మనం టిక్ పెట్టడం అనేదాన్ని అమెరికన్లు చెక్ అంటారు. ఫారాల్లో కనిపించే చెక్‌బాక్స్ అలా వచ్చిందే.

తెలుగులో చెక్క, చెక్కడం, చెక్కుచెదరని అన్న మాటలకు దీనితో సంబంధం ఉందా?

లేదు. బొమ్మ చెక్కడం, దుంపకు చెక్కు తీయడం, చెక్కుచెదరకపోవడం ఇవన్నీ అచ్చ తెలుగు. చెక్ రిపబ్లిక్‌కు కూడా సంబంధం లేదు. అది అక్కడి జనం పేరు, ఇంగ్లీషులో స్పెల్లింగే వేరు.

"ఫలానా సమస్యకు చెక్ పెట్టండి" అని పత్రికల్లో రాస్తుంటారు. ఇది సరైన వాడుకేనా?

వాడుక బలంగా ఉంది, తప్పు అనలేం. పైగా ఇంగ్లీషులో ఆపడం అనే పాత అర్థం వెనకపడిపోతుంటే, తెలుగు దాన్ని బతికించుకుంది. నాకు ఒక్కటే అభ్యంతరం. మన శీర్షికల్లో చెక్ పెట్టడం అంటే పూర్తిగా వదిలించుకోవడం అనే ధ్వని వచ్చేసింది. ఆటలో చెక్‌తో ఏదీ ముగిసిపోదు. రాజు తప్పించుకోవచ్చు, తిరగబడి గెలవొచ్చు కూడా. పని పూర్తయిందని చెప్పాలంటే మనకు "ఆటకట్టు" ఉండనే ఉంది. ఇంకా పోరాడుతున్నాం అనేచోట చెక్, ముగిసింది అనేచోట ఆటకట్టు వాడితే అర్థం ఎంత స్పష్టంగా ఉంటుందో!

షా అనే మాటకు మన భాషల్లో చుట్టాలున్నాయా?

ఉన్నాయి. షా అంతకు ముందు ప్రాచీన పారశీకంలో "క్షాయథియ". పాలించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో దానికి తోబుట్టువు "క్షత్రం", అంటే అధికారం, ఏలుబడి. క్షత్రియుడు అందులోంచే వచ్చాడు. బ్యాంకులో సంతకం పెట్టే చెక్కు, క్షత్రియుడు అనే మాట కొన్ని వేల ఏళ్ల కిందట ఒకే ఇంట్లో పుట్టాయి.